ఆవిలా వెళ్తే కోటగోడ దాటి చూడండి

స్పెయిన్‌లోని ఆవిలా ఊరికి వెళ్లినవాళ్లు ఎక్కువగా కోటగోడలెక్కి ఫొటోలు దిగుతారు. పదహారో శతాబ్దపు సన్యాసిని, పునీతురాలు తెరేసమ్మ గారు పుట్టిన చోట కట్టిన గుడి చూసి, మిఠాయి డబ్బా కొనుక్కుని మాడ్రిడ్ రైలెక్కేస్తారు. నా మాట వింటే గోడ బయట ఉత్తరం వైపు దిగి ఎన్‌కార్నసియోన్ అనే సన్యాసినుల మఠానికి వెళ్లండి. లోపల చిన్న మ్యూజియం ఉంది. మా అబ్బాయి నన్ను అక్కడికి తీసుకెళ్లాడు.

1535లో ఇరవయ్యేళ్ల పిల్లగా తెరేసమ్మ గారు, నాన్న వద్దంటున్నా, ఇల్లు వదిలి చేరింది ఈ మఠంలోనే. ఆమె ఉన్న రోజుల్లో ఇక్కడి సిస్టర్ల సంఖ్య 150 దాటింది. డబ్బున్నింటి పిల్లలకు సొంత గదులు, పేదింటి పిల్లలకు అందరూ కలిసి పడుకునే హాలు. మఠంలో కూడానా అనిపించింది! తెరేసమ్మ గారికి సొంత గదులే ఉండేవి. అవి వదులుకుని 1562లో నలుగురు అమ్మాయిలతో సాన్ హోసే అనే పేద మఠం మొదలుపెట్టింది. పెద్దలు పిలిచి ఇక్కడికే మఠాధిపతిగా పంపితే 1571లో మళ్లీ వచ్చింది.

జ్ఞానోపదేశం చెప్పేదాన్ని కాబట్టి ఆమె దర్శనాల గురించి పిల్లలకు చాలాసార్లు చెప్పాను. ఆమె తలగడ అని చూపించే చెక్క దుంగ ముందు మాత్రం నోట మాట రాలేదు. ఆమెతో కలిసి పనిచేసిన పునీతుడు సిలువ యోహాను గారు గీసిన క్రీస్తు బొమ్మ అరచేతిలో పట్టేంతే ఉంటుంది, వెతుక్కుని మరీ చూడండి. సిలువను పైనుంచి చూస్తున్నట్టు గీశారు. స్పెయిన్ చిత్రకారుడు డాలీ 1951లో వేసిన ప్రసిద్ధ చిత్రానికి ప్రేరణ ఇదే.

వంటకుండల మధ్య కూడా ప్రభువు తిరుగుతుంటాడని రాసిన మనిషి ఆమె. ఆ మాట నాకెప్పుడూ ఇష్టం, జీవితంలో సగం పొయ్యి దగ్గరే గడిచింది మరి. గొప్ప బోధన చేసిన పునీతులకు కథోలిక చర్చి ఇచ్చే ‘శ్రీసభ పండితురాలు’ అనే బిరుదు 1970లో అందుకున్న మొదటి స్త్రీ కూడా ఆమే. వెళ్లేముందు ఆమె ఆత్మకథ కొన్ని పేజీలైనా చదివితే చూసేవన్నీ పలుకుతాయి.

ఆమె పేరుతో అమ్మే యేమాస్ అంటే గుడ్డు సొనా చక్కెరా కలిపి చేసిన ఉండలు. తీపి గట్టిగానే ఉంటుంది. గుడ్డు వాసన పడనివాళ్లు ఒక్కటి రుచి చూశాకే డబ్బా కొనండి.

మధ్యాహ్నం మూసేసే అలవాటు స్పెయిన్‌లో ఉంది, వేళలు చూసుకుని బయల్దేరండి. ఊళ్లోకి తిరిగి రావాలంటే ఎత్తెక్కాలి. మోకాళ్ల నొప్పులున్నవాళ్లకు టాక్సీయే మేలు.