రెండు కిటికీలు, ఒక తగరపు పలక: తొలి ఫొటోల చోట్లకు వెళ్లేవారికి

ఫొటోగ్రఫీ పుట్టిన చోట్లు చూడాలనుకునేవారికి రెండు కిటికీలున్నాయి, ఒకటి ఇంగ్లండ్‌లో, మరొకటి ఫ్రాన్స్‌లో. వాటి దగ్గర తయారైన అసలు చిత్రాలు మాత్రం అక్కడ లేవు. ఇది తెలుసుకుని బయల్దేరితే నిరాశ ఉండదు.

వెళ్లిరావడానికి సులువైనది ఇంగ్లండ్‌లోని లేకాక్ అబీ, ఒకప్పటి మఠం, తర్వాత నివాస భవనం. లండన్ పాడింగ్టన్ నుంచి చిప్పెన్‌హామ్‌కు రైల్లో గంటంపావు, అక్కణ్ణుంచి బస్సు. 1835 ఆగస్టులో ఈ ఇంటి యజమాని, ఫొటోగ్రఫీ తొలి ప్రయోగాలు చేసిన టాల్బట్ ఇక్కడి దక్షిణ గ్యాలరీ కిటికీని తపాలా బిళ్లంత కాగితపు నెగెటివ్‌గా తీశాడు. ఆయన వాడిన బుల్లి కెమెరాలను భార్య కాన్‌స్టన్స్ ఎలుకబోనులనేవారు. కాగితాన్ని ఉప్పునీటిలో తడిపి, ఆరాక సిల్వర్ నైట్రేట్ పూస్తే వెలుతురు తగిలినచోట నల్లబడుతుంది. కష్టమంతా ఆ నల్లబడటాన్ని ఆపడంలోనే. చిక్కటి ఉప్పు ద్రావణం దాన్ని మందగింపజేస్తుంది తప్ప మిగిలిన వెండి లవణాన్ని కడిగేయదు. ఆ పని చేసే హైపో అనే రసాయనాన్ని శాస్త్రవేత్త జాన్ హెర్షెల్ సూచించింది 1839లో. అందుకే అలనాటి నెగెటివ్‌లను వెలుతురులో ఉంచలేరు.

కిటికీని ఫోన్‌తో తీసేటప్పుడు గది చీకటిని బట్టి ఎక్స్‌పోజర్ పెరిగి, గాజు పలకలు తెల్లగా మాడిపోతాయి. తెర మీద గాజు ఉన్నచోట నొక్కి వెలుతురు తగ్గించండి. ఊళ్లో గదులు కొద్దిగానే దొరుకుతాయి. బస బాత్‌లో పెట్టుకోవడమే మంచిది, చిప్పెన్‌హామ్ నుంచి రైల్లో పావుగంటే. చలికాలంలో అబీ గదులు మూసి ఉండే రోజులుంటాయి, వేళలు చూసుకునే టికెట్ కొనండి.

ఫ్రాన్స్‌లో షాలోన్-స్యుర్-సోన్ ఊళ్లో, ఫొటోగ్రఫీ ఆద్యుల్లో ఒకరైన నియెప్స్ పేరిట ఉన్న మ్యూజియం నది ఒడ్డునే ఉంది. ప్రవేశం ఉచితం, మంగళవారం సెలవు. నియెప్స్ సొంత కెమెరాల కోసమైనా వెళ్లాలి, పనివాడి చేతి గుర్తులు వాటిలో కనిపిస్తాయి. ఆయన ఇల్లు సుమారు 7 కిలోమీటర్ల దూరంలో, సెయిన్-లూ-ద-వారెన్‌లో ఉంది. అది వేసవిలోనే తెరుస్తారు, కారు లేకపోతే ఇబ్బందే. మిగతా నెలల్లో మ్యూజియంతో సరిపెట్టుకోండి.

ఆ ఇంటి కిటికీ నుంచి 1826-27లో నియెప్స్ తీసిన ఫొటో పలక ఇప్పుడు టెక్సస్‌లో, ఆస్టిన్‌లోని హ్యారీ రాన్సమ్ సెంటర్‌లో ఉంది. చూడటం ఉచితం. ఆస్టిన్‌లో బంధువులున్న తెలుగువాళ్లకు ఇదే దగ్గరి దారి. ప్యూటర్ (తగరం ఎక్కువగా ఉండే మిశ్రలోహం) పలక మీద తారు పూశారు. వెలుతురు సోకినచోట తారు గట్టిపడింది, మిగతాది లావెండర్ నూనెతో కరిగి పోయింది. పుస్తకాల్లో కనిపించే స్పష్టమైన బొమ్మ 1952 నాటి నకలుకు చేత్తో మెరుగులు దిద్దినది. అసలు పలక ఎదురుగా నిలబడితే అద్దంలా మెరుస్తుందంతే. పక్కకు జరుగుతూ, కోణం మారుస్తూ చూస్తే పైకప్పుల అంచులు తేలతాయి.