లిస్టు వరుసల రెఫ్‌లు: అర్రేలో పెట్టాలా, మ్యాప్‌లోనా?

రియాక్ట్‌లో (వెబ్ పేజీలు కట్టే జావాస్క్రిప్ట్ లైబ్రరీ) ఎనుమాముల మార్కెట్ మిర్చి ధరల పట్టిక కడుతున్నారనుకోండి: తేజ, వండర్‌హాట్, చపాటా. పైన "చపాటా" నొక్కితే పేజీ ఆ వరుస దగ్గరికే జరగాలి. అందుకు ప్రతి వరుసకూ ఒక రెఫ్, అంటే పేజీలోని ఆ ఎలిమెంట్‌ను పట్టుకునే పిడి, కావాలి. కానీ రెఫ్ ఇచ్చే యూజ్‌రెఫ్‌ను లూపులో పిలవడం కుదరదు. ఒకే యూజ్‌రెఫ్‌లో అన్ని ఎలిమెంట్లనూ దాచాలి: వరుస నంబరు (ఇండెక్స్) ప్రకారం అర్రేలో, లేదా వరుస ఐడీ ప్రకారం మ్యాప్‌లో.

రాసే పని: అర్రేకి ఒక్క లైను చాలు. మ్యాప్‌కి మూడు నాలుగు: రెఫ్ కాల్‌బ్యాక్‌లో (రెఫ్‌గా ఇచ్చే ఫంక్షన్, దాన్ని రియాక్టే పిలుస్తుంది) ఎలిమెంట్ వస్తే ఐడీతో సెట్, నల్ (ఖాళీ విలువ) వస్తే డిలీట్. రియాక్ట్ 19లో అయితే రెఫ్ కాల్‌బ్యాక్ నుంచి క్లీనప్ ఫంక్షన్ రిటర్న్ చేస్తే సరి, నల్ చెక్ అక్కర్లేదు.

తేడా కొట్టేది: 10 వరుసల్లో ఒకటి తీసేసినా అర్రే పొడవు 10గానే ఉంటుంది, చివరి గడిలో నల్ మిగులుతుంది. దాని మీద ఫోకస్ పిలిస్తే ఎర్రర్. అది నయం, కనీసం కనపడుతుంది. ధరల ప్రకారం సార్ట్ చేశాక, ముందు దాచుకున్న ఇండెక్స్ 2లో చపాటా పోయి తేజ కూర్చుంటుంది. ఎర్రర్ ఉండదు, తప్పు వరుసకు పోతుంది. మ్యాప్‌లో ఐడీ మారదు కనుక ఆ బెడద లేదు. రియాక్ట్ వరుసను గుర్తుపట్టే కీ ప్రాప్‌కి కూడా అదే ఐడీ ఇవ్వండి.

మ్యాప్ వరుసక్రమాన్ని మాత్రం నమ్మొద్దు. బాణం కీలతో కిందికి మీదికి పోవాలంటే పక్క ఐడీని డేటా నుంచే తీసుకోవాలి.

ఓటీపీ 6 గడుల్లా లెక్క మారని చోట అర్రే. ఫిల్టర్, సార్ట్, డిలీట్‌లో ఏ ఒక్కటున్నా మ్యాప్.