హోలోగ్రాఫిక్ పేరుతో మామూలు రెడ్ డాట్ అంటగడుతున్నారు: ఎయిర్ రైఫిల్ వాళ్లు జాగ్రత్త

విజయవాడ, గుంటూరు చుట్టుపక్కల ఎయిర్ రైఫిల్‌కో, లైసెన్సున్న పాయింట్ టూటూ (.22) రైఫిల్‌కో సైట్ (తుపాకీ పైన బిగించి గురి చూసుకునే పరికరం) కొందామని చూస్తున్నవాళ్లు డబ్బు కట్టేముందు ఇది చదవండి. రెండున్నర వేల నుంచి ఐదు వేల రూపాయల లోపు, పెట్టె మీద "హోలోగ్రాఫిక్, రెడ్ అండ్ గ్రీన్, షాక్‌ప్రూఫ్, వాటర్‌ప్రూఫ్" అని రాసి అమ్ముతున్న నల్లటి చదరపు సైట్ హోలోగ్రాఫిక్ కాదు. దాని లోపల ఉండేది ఒక ఎల్ఈడీ, దాని వెలుగును కంటికి తిప్పి కొట్టే ఒంపు అద్దం. అంటే మామూలు రెడ్ డాటే. పైతొడుగు మాత్రమే అసలు హోలోగ్రాఫిక్ ఆకారంలో పోతపోశారు. రెడ్ డాట్ కావడం తప్పేమీ కాదు, మంచి రెడ్ డాట్ చాలా ఉపయోగపడే వస్తువు. లేని సరుకు పేరు చెప్పి, ఉన్న సరుకు కూడా నాసిరకంగా ఇవ్వడమే మోసం.

తేడా ఎక్కడుందంటే, రెడ్ డాట్‌లో ఎల్ఈడీ చుక్క ముందరి అద్దం మీద పడి వెనక్కి వస్తుంది. ఆ అద్దానికి ఎరుపును మాత్రమే తిప్పికొట్టే పూత ఉంటుంది. హోలోగ్రాఫిక్‌లో లేజర్ డయోడ్ ఉంటుంది. గురి గుర్తును ముందే గాజులో హోలోగ్రామ్‌గా నమోదు చేస్తారు, లేజర్ వెలుగు పడగానే అది కళ్లముందు తేలుతుంది. ఇది తయారుచేసేవాళ్లు లోకంలోనే వేళ్ల మీద లెక్కపెట్టగలిగినంత మంది. ఈవోటెక్, వోర్టెక్స్ పేర్లు అందరూ విన్నవే. వాటి ధర అమెరికాలోనే 500 డాలర్ల దాకా, చాలా మోడళ్లకు అంతకు పైనే. అది మూడు వేలకు బెజవాడలో గుమ్మంలోకి ఎలా వస్తుందో ఒక్క క్షణం ఆలోచించండి.

పెట్టె విప్పగానే, స్క్రూ బిగించకముందే తేల్చుకోవచ్చు. ఎరుపు, ఆకుపచ్చ మార్చుకునే బటన్ ఉందా? ఉంటే అది ఎల్ఈడీనే. హోలోగ్రాఫిక్‌లో ఆకుపచ్చ మోడళ్లూ ఉన్నాయి కానీ, ఒకే సైట్‌లో రెండు రంగులు మారవు. ఎందుకంటే లేజర్‌ను బట్టే హోలోగ్రామ్ ఉంటుంది. తర్వాత సైట్‌ను తిప్పి గొట్టం వైపు నుంచి చూడండి. ముందరి అద్దం ఒంపుగా, ఎర్రగానో కెంపు రంగులోనో మెరిసిందంటే అది రెడ్ డాట్ పూత. ఇంకో పరీక్ష ఫోన్ కెమెరాతో. వెలుగు బాగా తగ్గించి, జూమ్ చేసి గుర్తును ఫోటో తీయండి. లేజర్ గుర్తు ఇసుక చల్లినట్టు సన్నటి రేణువులుగా కనిపిస్తుంది, ఎల్ఈడీ గుర్తు నిండుగా పోసినట్టు ఉంటుంది.

కళ్ల సంగతి కూడా ఇక్కడే చెప్పాలి. చుక్క తోకచుక్కలా సాగినట్టో, నక్షత్రంలా చీలినట్టో కనిపిస్తే వెంటనే సైట్‌ను తిట్టకండి. ఆస్టిగ్మాటిజం (కంటి ఒంపులో తేడా వల్ల చూపు చెదరడం) ఉన్న కంటికి మంచి సైట్ కూడా అలాగే కనిపిస్తుంది. అదే చుక్కను ఫోన్ కెమెరాలో చూడండి. అక్కడ గుండ్రంగా ఉంటే లోపం కంటిది, అక్కడా చీలితే లోపం సైట్‌ది. ఈ ఒక్క పరీక్ష చేయక మంచి సైట్లు వాపసు పంపేవాళ్లూ ఉన్నారు, చెడ్డవాటిని కళ్లజోడు మార్చి భరించేవాళ్లూ ఉన్నారు.

ఇక అసలు దెబ్బ ఎక్కడ తగులుతుందో చూద్దాం. మన దగ్గర ఎక్కువమంది చేతుల్లో ఉండేది స్ప్రింగ్ ఎయిర్ రైఫిల్. దాని కుదుపు రెండు వైపులా ఉంటుంది. ట్రిగ్గర్ నొక్కగానే పిస్టన్ ముందుకు దూకుతుంది, రైఫిల్ వెనక్కి జరుగుతుంది. పిస్టన్ సిలిండర్ చివరకు వెళ్లి ఆగేసరికి రైఫిల్ ముందుకు కొట్టుకుంటుంది. ఈ రెండో దెబ్బ చాలా పదునైనది. తుపాకుల కోసం తయారైన సైట్లు వెనక్కి తన్నే దెబ్బకు తట్టుకునేలా కడతారు, ముందుకు వచ్చే ఈ కుదుపు వాటి లెక్కలో ఉండదు. చవక సైట్‌లో ఎల్ఈడీ తీగల టంకం ఊడుతుంది, బ్యాటరీ స్ప్రింగ్ కాంటాక్ట్ క్షణం సేపు వదిలేసి చుక్క ఆరి వెలుగుతుంది, జిగురుతో అంటించిన అద్దం వెంట్రుకవాసి కదులుతుంది. అద్దం కదిలితే చుక్క వెలుగుతూనే ఉంటుంది, కానీ గురి రోజుకో చోట పడుతుంది. ఇది అన్నిటికంటే చెడ్డ లోపం, ఎందుకంటే కొన్నవాళ్లు పెల్లెట్‌ను, రైఫిల్‌ను, చివరికి తమ చేతిని అనుమానిస్తూ డబ్బాలకు డబ్బాలు పెల్లెట్లు తగలేస్తారు. పెట్టె మీద "షాక్‌ప్రూఫ్" అన్న మాట చాలదు. "స్ప్రింగ్ ఎయిర్‌గన్ మీద వాడితే వారంటీ చెల్లుతుందా?" అని రాతపూర్వకంగా అడగండి. జవాబు దాటవేస్తే కొనకండి. పీసీపీ రైఫిల్‌కు (ముందే గట్టిగా నింపిన గాలితో పేలేది), పాయింట్ టూటూకు ఈ బాధ తక్కువ, వాటి కుదుపు చిన్నది. అయితే నాసి అద్దం అక్కడా నాసి అద్దమే.

బిగింపులో ఇంకో చిక్కు ఉంది. ఎయిర్ రైఫిళ్లకు, చాలా పాయింట్ టూటూలకు పైన ఉండేది 11 మిల్లీమీటర్ల డవ్‌టెయిల్ గాడి. చదరపు సైట్లు వచ్చేది 21 మిల్లీమీటర్ల పికటినీ రైలు (అడ్డ గాళ్లున్న పట్టీ) కోసం. మధ్యలో అడాప్టర్ పెట్టి అమ్ముతారు. ఆ అడాప్టర్ మీద సైట్, దాని కింద ఎత్తు పెంచే దిమ్మ, ఇలా మూడంతస్తులు కడితే ఒక్కో కీలులో కాస్త కాస్త వదులు చేరుతుంది. పైగా అంత ఎత్తుకు చూడాలంటే చెంప బట్ (భుజానికి ఆనించే వెనక భాగం) మీద ఆనదు, తల గాలిలో ఉంటుంది. రెడ్ డాట్‌కు తల ఎక్కడ పెట్టినా ఒకటే అన్న మాట చిన్న దూరాల్లో నిజం కాదు, ఆ లెక్క కింద చెప్తాం. గాడికి నేరుగా బిగిసే 11 మిల్లీమీటర్ల మౌంట్, వీలైనంత పొట్టిది, కింద స్టాప్ పిన్ (జారకుండా ఆపే మేకు) ఉన్నది తీసుకోండి. రైలు ఉన్నవాళ్లు గాడి వెడల్పు కొలవండి. పికటినీ గాడి 5.23 మిల్లీమీటర్లు, వీవర్ (అలాంటిదే ఇంకో రకం రైలు) గాడి 4.57. పికటినీ బోల్టు వీవర్‌లో దిగదు. వీవర్ బోల్టు పికటినీలో దిగుతుంది కానీ ఆడుతుంది.

బిగించేముందు గాడిలో నూనె మరక లేకుండా స్పిరిట్‌తో తుడవండి. అలెన్ కీ పొట్టి చేతిని పట్టుకుని తిప్పండి, పొడుగు చేతితో బలం పెడితే అల్యూమినియం మరలు కోసుకుపోతాయి. నీలం రంగు థ్రెడ్‌లాకర్ (మర వదులు కాకుండా పట్టి ఉంచే జిగురు) ఒక బొట్టు చాలు, ఎరుపు రంగుది వాడితే మళ్లీ విప్పడం గగనం. మౌంట్ వెనక అంచున గాడి మీద పెన్సిల్ గీత గీయండి. యాభై షాట్ల తర్వాత ఆ గీత మౌంట్ కిందికి పోయిందంటే మౌంట్ వెనక్కి జారుతోంది. స్ప్రింగ్ రైఫిల్‌లో జారేది ఎక్కువగా వెనక్కే.

ముందు చుక్క సైజు లెక్క. దాన్ని ఎంఓఏ అనే చిన్న కోణపు కొలతలో చెప్తారు. 1 ఎంఓఏ అంటే 100 మీటర్ల దగ్గర 2.9 సెంటీమీటర్లు. 10 మీటర్ల దగ్గర 2.9 మిల్లీమీటర్లు. చవక సైట్లలో చుక్క 4 ఎంఓఏ అంటారు, 10 మీటర్ల దగ్గర అది 11.6 మిల్లీమీటర్లు కప్పేస్తుంది. ఐఎస్ఎస్ఎఫ్ (అంతర్జాతీయ షూటింగ్ సమాఖ్య) 10 మీటర్ల ఎయిర్ రైఫిల్ టార్గెట్‌లో పది పాయింట్ల చుక్క అర మిల్లీమీటరే, మొత్తం టార్గెట్ 45.5 మిల్లీమీటర్లే. మీ పిల్లల్ని పోటీలకు సిద్ధం చేస్తూ ఈ సైట్ కొంటున్నారా? ఐఎస్ఎస్ఎఫ్ 10 మీటర్ల, 50 మీటర్ల రైఫిల్ పోటీల్లో రెడ్ డాట్, హోలోగ్రాఫిక్ రెండూ పనికిరావు. అక్కడ పీప్ సైట్ (చిన్న రంధ్రంలోంచి గురి చూసేది) ఒక్కటే. ఆ డబ్బు మంచి పీప్ సైట్ మీద పెట్టండి. ఈ సంగతి తెలిసి కూడా "షూటింగ్ నేర్చుకునే పిల్లలకు బాగుంటుంది" అని అమ్మడం చూస్తే బాధేస్తుంది.

ఇక తల ఎక్కడ పెట్టాలన్న లెక్క. తల జరిగితే గురి కూడా జరగడాన్ని పారలాక్స్ అంటారు. చాలా రెడ్ డాట్లను 50 మీటర్ల చుట్టుపక్కల దూరానికి సరిచేసి ఉంచుతారు. 22 మిల్లీమీటర్ల అద్దంలో కన్ను నడిమి నుంచి అంచుకు పోతే 11 మిల్లీమీటర్లు జరిగినట్టు. 50 మీటర్లకు సరిచేసిన సైట్‌తో 10 మీటర్ల దగ్గర చూస్తే ఆ తప్పు 11లో ఐదింట నాలుగు వంతులు, అంటే 8.8 మిల్లీమీటర్లు. ఇది సైట్ బాగున్నప్పటి మాట. మీకు వచ్చిన సైట్ బాగుందో లేదో షాట్ కొట్టకుండానే తెలుసుకోవచ్చు. ఖాళీ రైఫిల్‌ను ఇసుక మూటల మీద కదలకుండా కూర్చోబెట్టి, 10 మీటర్ల దూరంలో గోడ మీద స్కేలు అంటించి, చుక్కను ఒక గీత మీద పెట్టండి. రైఫిల్‌ను ముట్టుకోకుండా తలను సెంటీమీటరు పక్కకు జరపండి. చుక్క స్కేలు మీద సెంటీమీటరుకు మించి జరగకూడదు. మించి జరిగితే అద్దం ఒంపో, ఎల్ఈడీ ఉన్న చోటో తప్పు. అలాంటి సైట్‌ను ఏ స్క్రూ తిప్పినా బాగుచేయలేరు, వాపసు ఇవ్వడమే.

గురి సరిచేసే స్క్రూలను కూడా పరీక్షించండి. ఇది మాత్రం వెనక గట్టి మట్టి కట్ట ఉన్న చోటే, అపార్టుమెంటు మేడ మీద కాదు. ఐదు షాట్లు కొట్టి, పది క్లిక్కులు కుడికి, ఐదు షాట్లు, పది కిందికి, ఐదు షాట్లు, పది ఎడమకి, ఐదు షాట్లు, పది పైకి, చివరి ఐదు. ఈ చివరి గుంపు మొదటి గుంపు మీదే పడాలి. 1 ఎంఓఏ క్లిక్ అయితే 10 మీటర్ల దగ్గర ఒక్కో పక్క 29 మిల్లీమీటర్లు రావాలి. ఎత్తు తిప్పితే పక్కకు కూడా జరగడం, తిప్పిన తర్వాత రెండు షాట్ల దాకా మారకుండా మూడోదానికి ఒక్కసారిగా ఎగరడం, ఇవి లోపలి స్ప్రింగ్ బలహీనమని చెప్పే గుర్తులు. గొట్టం విరిచి లోడ్ చేసే రైఫిళ్లలో గొట్టం కాస్త కిందికి వాలి ఉండటం మామూలు. ఎత్తు స్క్రూ చివరి దాకా పోయినా పెల్లెట్ కిందే పడుతుంటే మౌంట్ వెనక కాలు కింద కూల్‌డ్రింక్ డబ్బా రేకు ముక్క పెట్టండి. 60 మిల్లీమీటర్ల పొడవున్న మౌంట్‌కు 0.1 మిల్లీమీటరు రేకు పెడితే 10 మీటర్ల దగ్గర దాదాపు 17 మిల్లీమీటర్లు పైకి లేస్తుంది. ఒకటి రెండు పొరలు దాటితే మౌంట్ వంగిపోతుంది, అప్పుడు వాలు మౌంటే కొనుక్కోవాలి.

మన ఎండ మాట. రోహిణి కార్తెలో రోళ్లు పగులుతాయంటారు. అలాంటి ఎండలో కారు డిక్కీలో రైఫిల్ సంచి పెట్టి వదిలేస్తే జిగురుతో నిలబెట్టిన అద్దం నిలబడదు. పేరున్న కంపెనీకే ఇది తప్పలేదు. ఉష్ణోగ్రత మారితే గురి జరుగుతోందన్న లోపాల వ్యవహారంలో, ఈవోటెక్ అప్పటి యజమాని ఎల్-3 కమ్యూనికేషన్స్ 2015లో అమెరికా ప్రభుత్వానికి 2.56 కోట్ల డాలర్లు కట్టి రాజీపడింది. ఇక మూడు వేల సరుకు ఎంత? చుక్క వెలుగును దుకాణం లోపల ట్యూబ్‌లైటు కింద చూసి మురిసిపోకండి, మధ్యాహ్నం పన్నెండింటికి బయటికి తెచ్చి తెల్ల గోడ మీద చూడండి. చాలావాటిలో చుక్క మాయమవుతుంది. వానాకాలం కోసం ఇంకో పరీక్ష. సైట్‌ను ఫ్రిజ్‌లో, ఫ్రీజర్‌లో కాదు, ఇరవై నిమిషాలు ఉంచి బయటికి తీయండి. పైన పట్టే మంచు తుడిస్తే పోతుంది. లోపల పడితే సీలు లేదని అర్థం. నీళ్లలో ముంచి మాత్రం చూడకండి, "నీళ్లు తగిలాయి" అని వాపసు తోసిపుచ్చుతారు.

బ్యాటరీ గంటల అబద్ధం చిన్న భాగహారంతో తేలిపోతుంది. సీఆర్2032 నాణెం బ్యాటరీలో దాదాపు 220 మిల్లీయాంప్ అవర్లు ఉంటాయి. ఎల్ఈడీ 10 మిల్లీయాంప్‌లు లాగితే 22 గంటలే. 50,000 గంటలు రావాలంటే 0.0044 మిల్లీయాంప్‌లే లాగాలి. మంచి కంపెనీల సర్క్యూట్లు, తక్కువ వెలుగులో, అది సాధిస్తాయి. తిప్పే స్విచ్‌తో నేరుగా ఎల్ఈడీకి కలిపిన చవక సైట్ సాధించలేదు. బ్యాటరీ అర పక్కనో పైనో ఉన్నది ఎంచుకోండి. అడుగున ఉంటే మార్చిన ప్రతిసారీ సైట్ విప్పి, మళ్లీ గురి సరిచేసుకోవాలి. ఆ నాణెం బ్యాటరీ పసిపిల్లల చేతికి అందనివ్వకండి, మింగితే గంటల్లోనే గొంతు లోపల కాలుస్తుంది. సైట్‌తో పాటు లేజర్ కూడా కలిపి ఇచ్చేవి అసలు వద్దు, వాటి మీద రాసిన మిల్లీవాట్లను నమ్మి కళ్లతో ఆడకూడదు.

కొనేటప్పుడు బిల్లు మీద "హోలోగ్రాఫిక్" అన్న మాట రాయించుకోండి, ఆన్‌లైన్ అయితే ఆ పేజీని తేదీతో సహా ఫోటో తీసి పెట్టుకోండి. రేపు వాదనకు అదే ఆధారం. దిగుమతి సరుకు పెట్టె మీద దిగుమతిదారు పేరు, చిరునామా, ఏ దేశంలో తయారైంది, ఎంఆర్‌పీ ఉండి తీరాలి. ఇవి లేని పెట్టె ఎవరిదో, పాడైతే ఎవరిని అడగాలో మీకు తెలియదు. పార్సిల్ విప్పడం మొదలు చివరిదాకా ఆపకుండా ఒకే వీడియో తీయండి. వాపసు గడువు చాలాచోట్ల వారమే కాబట్టి ఫోన్ కెమెరా, గోడ స్కేలు, ఫ్రిజ్, మధ్యాహ్నపు ఎండ, ఈ నాలుగు పరీక్షలూ వచ్చిన రోజే చేయండి. బిగించి గీతలు పడ్డాక వాపసు కష్టం.

వాపసు ఇవ్వనంటే, ఆన్‌లైన్ అమ్మకాలకు 2020 ఈ-కామర్స్ నిబంధనలు ఉన్నాయి. ఫిర్యాదు అందినట్టు 48 గంటల్లో చెప్పాలి, నెల రోజుల్లో పరిష్కరించాలి. అక్కడ తేలకపోతే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915. దాని తర్వాత జిల్లా వినియోగదారుల కమిషన్. 2019 చట్టం ప్రకారం అమ్మినవాడు ఢిల్లీలో ఉన్నా మీరు ఉండే జిల్లాలోనే వేయవచ్చు, ఐదు లక్షల లోపు కొనుగోలుకు ఫీజు లేదు, గడువు రెండేళ్లు. అందాకా సైట్‌ను విప్పి లోపల బాగుచేయాలని చూడకండి. సీలు తెగితే లోపం వాళ్లదని నిరూపించడం మీ తలకు చుట్టుకుంటుంది.