లంబసింగి చలి కిందనుంచి వస్తుంది

లంబసింగిలో నలుగురికి ఒక టెంటు, రాత్రికి 1,500 రూపాయలు. చలిమంట కట్టెలకి వేరే 300. పొద్దున్నే బకెట్టు వేణ్ణీళ్లకి 50. ఫోనులో "అన్నీ అందులోనేనండి" అన్న మనిషే, తీరా వెళ్లాక "అన్నీ అంటే టెంటు, పరుపు, రగ్గులు సార్" అన్నాడు. చూడ్డానికి పరుపు బాగానే ఉంది. జానెడు ఎత్తు గాలి పరుపు, పిల్లలు దాని మీద ఎగిరి సంబరపడ్డారు. రాత్రి రెండింటికి దాని మీదే అందరికీ వణుకు. రగ్గు మీద రగ్గు కప్పినా వీపు మంచుగడ్డలాగే ఉంది. అత్తయ్యగారైతే లేచి కారులో కూర్చున్నారు, తెల్లారేదాకా ఎవరితోనూ మాట్లాడలేదు.

తప్పు రగ్గులది కాదు, పరుపుది. గాలి పరుపు లోపల గాలి ఊరికే ఉండదు, కదులుతూ ఉంటుంది. ఒంటి వేడిని పైపొర నుంచి తీసుకెళ్లి నేలకి అప్పజెబుతుంది. పరుపు ఎత్తు పెరిగినంత మాత్రాన వెచ్చదనం పెరగదు. స్లీపింగ్ బ్యాగు ఉన్నా ఇదే తంటా. మన బరువుకి కింద ఉన్న దూది నలిగి పలచనైపోతుంది కాబట్టి వీపు వైపు అది ఉన్నా లేనట్టే. అందుకే కప్పుకునేదాని కంటే పరుచుకునేదాని మీదే ముందు డబ్బు పెట్టాలి. మనిషికో 10 మిల్లీమీటర్ల ఫోమ్ షీటు చాలు, చుట్టచుట్టి డిక్కీలో పెట్టేయొచ్చు. కొనడం ఇష్టం లేకపోతే ఇంట్లో పాత చీరలతో కుట్టిన బొంత ఉంటుంది కదా, దాన్ని కప్పుకోకుండా పరుచుకోండి. అద్దె టెంటులో గాలి పరుపే దిక్కయితే బొంతని పరుపు కింద కాదు, పరుపు మీద వేయాలి. ఒంటికి ఎంత దగ్గరగా ఉంటే అంత మేలు.

స్లీపింగ్ బ్యాగు చీటీ మీద ముఖ్యంగా చూడాల్సినవి రెండు అంకెలు. దుకాణంలో పెద్దగా చూపించేది రెండోదే, లిమిట్. దాన్ని లెక్కకట్టేది ముడుచుకుని పడుకున్న మగమనిషికి. హాయిగా నిద్రపట్టే అంకె కంఫర్ట్, అది దానికన్నా అయిదారు డిగ్రీలు పైనుంటుంది. ఆడవాళ్లకీ, పెద్దవాళ్లకీ కంఫర్ట్ అంకె చూసే కొనాలి. లంబసింగి, అరకులకి కంఫర్ట్ 5 డిగ్రీలున్న బ్యాగు చాలా రాత్రులకి సరిపోతుంది, మరీ చలి పడితే పైన రగ్గు వేసుకోవచ్చు. ఇంకా కింది అంకెలకి డబ్బు పోయడం దండగ.

అసలు అంత చలి ఎందుకంటే, వెయ్యి మీటర్లు ఎక్కితే సుమారు ఆరున్నర డిగ్రీలు తగ్గుతుంది. లంబసింగి ఎత్తు దాదాపు అంతే. విశాఖ తీరంలో జనవరి రాత్రి 18 ఉంటే అక్కడ పన్నెండు దగ్గర ఉండాలి. కానీ అయిదుకీ, ఇంకా కిందకీ దిగుతుంది. మబ్బులేని రాత్రి కొండవాలు మీద చల్లబడిన గాలి బరువెక్కి, నీళ్లలాగే జారి లోయ అడుగున చేరుతుంది. బయట ఉంటే కర్రలా బిగుసుకుపోతారని ఆ ఊరికి కొర్రబయలు అన్న పేరు ఊరికే రాలేదు. కాబట్టి ఫొటోలు బాగా వస్తాయని వాగు ఒడ్డునో, చెరువు పక్కనో టెంటు వేయించుకోకండి. పాతిక ముప్ఫై మీటర్లు పైకి, గాలి నేరుగా తగలని గట్టు చూసుకోండి. తేడా ఒంటికే తెలుస్తుంది.

తెల్లవారుజామున టెంటు లోపల గోడల మీంచి నీళ్లు కారాయి. "టెంటు కారుతోందండీ" అంటే "అది మంచు సార్" అన్నాడు అద్దెకిచ్చిన ఆయన. సగం నిజమే. నలుగురు రాత్రంతా వదిలే ఊపిరిలో సుమారు లీటరు నీరుంటుంది, అది చల్లటి గుడ్డకి తగిలి బొట్లు కడుతుంది. ఆయన చెప్పని సగం ఏమిటంటే, అది ఒంటిపొర టెంటు. రెండు పొరలున్నదైతే లోపల దోమతెరలాంటి గుడ్డ, పైన వాన ఆపే రెయిన్‌ఫ్లై, మధ్యలో బెత్తెడు ఖాళీ ఉంటాయి. నీరు పైపొర మీద చేరి బయటికి జారిపోతుంది. చలికి భయపడి కిటికీలన్నీ మూసేస్తే రెండు పొరలున్నా ఫలితం లేదు, పైన ఒక జిప్పు నాలుగు వేళ్లు తెరిచి ఉంచాలి. అద్దె మాట్లాడేటప్పుడే "డబుల్ లేయరేనా, ఫొటో పంపండి" అని అడగండి. తప్పించుకునే జవాబొస్తే వేరే చోటు చూసుకోవడమే.

నలుగురి టెంటు అంటే నేల కొలత 210కి 240 సెంటీమీటర్లు. మనిషికి అరవై, రైల్లో స్లీపరు బెర్తంత. బ్యాగులు ఎక్కడ పెట్టాలో ఎవరూ చెప్పరు. కొనుక్కునేవాళ్లు నలుగురుంటే ఆరుగురిది కొనాలి. నేల గుడ్డ 3,000 మిల్లీమీటర్ల నీటి ఒత్తిడి తట్టుకునేదై ఉండాలి. అడుగున వేసే బరకం విశాఖ పూర్ణా మార్కెట్లో దొరికే మామూలుదే చాలు. కాకపోతే టెంటు నేలకన్నా అన్ని వైపులా బెత్తెడు చిన్నగా మడవాలి. ఎక్కువ మంది పెద్దదే మంచిదని బయటికి వదిలేస్తారు. వాన పడితే ఆ అంచు మీద చేరిన నీరంతా నేరుగా వీపు కిందకే వస్తుంది.

చలికి ఎంత ఏడ్చినా నిప్పుల కుంపటి టెంటులోకి తేవద్దు. పొయ్యి కూడా అంతే. బొగ్గుల నుంచి వచ్చే కార్బన్ మోనాక్సైడుకి వాసన ఉండదు, నిద్రలోనే ప్రాణం పోతుంది. చలిమంట కూడా టెంటుకి నాలుగు మీటర్ల అవతల, గాలి వాలుకి వేయాలి. ఒక్క నిప్పురవ్వ చాలు నైలానుకి చిల్లి పడడానికి. చిన్న గ్యాసు డబ్బాలో బ్యూటేన్ మాత్రమే ఉంటే పొద్దున్నే మంట నీరసంగా వస్తుంది. డబ్బా పాడైందనుకోకండి, రాత్రి దుప్పట్లో పెట్టుకుంటే పొద్దున మామూలుగానే మండుతుంది.

మర్నాడు పాడేరు దగ్గర వంజంగి కొండ. అక్కడ అందరూ చేసేది ఒకటే పొరపాటు, కిందే స్వెట్టరు వేసుకుని ఎక్కడం మొదలుపెడతారు. పైకి చేరేసరికి లోపలి కాటన్ బనియను తడిసి ముద్దవుతుంది. సూర్యోదయం కోసం గంట నిలబడితే ఆ తడే చలి పుట్టిస్తుంది, పిల్లల పళ్లు టకటకలాడతాయి. పలచని పాలిస్టర్ చొక్కాతో, కాస్త చలేస్తుండగానే ఎక్కాలి. స్వెట్టరు, మంకీ టోపీ, పొడి బనియను సంచిలో ఉండాలి. పైకెళ్లగానే మేఘాల ఫొటోల కన్నా ముందు బనియను మార్చాలి. పాతిక కిలోల పిల్లాడికి రెండున్నర కిలోలకి మించిన సంచి తగిలించొద్దు.

బూట్లు కొత్తవి వద్దు. అర సైజు పెద్దవి తీసుకుని, నెల ముందు నుంచి సింహాచలం మెట్ల మీదో, కంబాలకొండలోనో సంచి బరువుతో సహా నడిచి అలవాటు చేసుకోవాలి. గిరిప్రదక్షిణ 32 కిలోమీటర్లు చేసినవాళ్లకి పొక్కుల సంగతి చెప్పక్కర్లేదు. కాలు ఎక్కడ రాసుకుంటుందో ముందే తెలిస్తే అక్కడ పొక్కు లేవకముందే టేపు వేయొచ్చు. దిగేటప్పుడు బొటనవేళ్లు ముందుకి కొట్టుకుంటాయి కాబట్టి గోళ్లు కత్తిరించుకుని, లేసు చివరి రంధ్రం దాకా బిగించాలి. చీకట్లో ఫోను లైటుతో ఎక్కితే ఒక చెయ్యి పోయినట్టే, మనిషికో తలలైటు ఉండాలి.

దిగాక రోడ్డు పక్కన వేడి చోడి (రాగి) అంబలి, ఉల్లిపాయ, పచ్చిమిర్చి. గ్లాసు 20 రూపాయలు. అత్తయ్యగారు రెండు గ్లాసులు తాగి మళ్లీ మాట్లాడడం మొదలుపెట్టారు. మొత్తం ఖర్చులో బాధ కలగనిది అదొక్కటే. మాడుగుల మీదుగా వస్తే హల్వా తీసుకోండి, కానీ ఘాట్ రోడ్డు దిగాకే పిల్లల చేతికివ్వండి.

గడ్డిలో చాప లేకుండా కూర్చోవద్దు, బట్టలు గడ్డి మీద ఆరేయొద్దు. స్క్రబ్ టైఫస్ జ్వరాన్ని తెచ్చే కంటికి కనిపించనంత పురుగులు ఉండేది అక్కడే. ప్యాంటు అంచులు సాక్సులోకి దోపి, సాయంత్రం నుంచి దోమల క్రీము రాసుకోవాలి, ఏజెన్సీలో మలేరియా ఉంది. ఇంటికొచ్చాక టెంటుని ఆ రోజే డాబా మీద ఆరేయాలి. సముద్రపు గాలికి తడి టెంటు మడతలోనే బూజు పడుతుంది. మూడు వారాల లోపు, ఆ తర్వాతైనా సరే, ఎవరికైనా జ్వరమొస్తే ఏజెన్సీకి వెళ్లొచ్చామని డాక్టరుకి మొదటి మాటగా చెప్పండి, ఒంటి మీద నల్లటి పొక్కు కట్టిన మచ్చ ఏదైనా ఉంటే చూపించండి.