చలికాలంలో కుక్కకు ముక్కుపని: నాలుగు నెలలు వాడిన స్నఫుల్ మ్యాట్

చలి ముదిరినప్పటి నుంచి మా ఇంట్లో కుక్కల నడక సగానికి సగం తగ్గిపోయింది. ఉదయం వెలుతురు రావడం ఆలస్యం, సాయంత్రం చీకటి పడడం తొందర. పదకొండేళ్ల లాబ్రడార్ మల్లికి చల్లటి తడి నేల మీద పది నిమిషాలు నడిస్తే వెనక కాళ్లు బిగుసుకుపోతాయి. రెండేళ్ల బీగిల్ బంటికి ఆ పది నిమిషాలు ఏ మూలకూ చాలవు. నడక తగ్గిన మొదటి వారంలోనే వాడు రెండు జతల చెప్పులు, ఒక దిండు గలీబు కొరికేసి, కిటికీ దగ్గర నిలబడి దారిన పోయే ప్రతి ఒక్కరి మీదా మొరగడం మొదలుపెట్టాడు. దాన్ని అల్లరి అనడం అన్యాయం. రోజంతా చేయడానికి పని లేని జంతువు తన పనిని తానే వెతుక్కుంటుంది. ఆ పనిని మనమే ఇవ్వాలనే ఉద్దేశంతో స్నఫుల్ మ్యాట్ కొని, నాలుగు నెలలుగా దాదాపు ప్రతిరోజూ వాడుతున్నాను.

ఇది వల లాంటి రబ్బరు అడుగు మీద ఫ్లీస్ గుడ్డ పీలికలను దట్టంగా ముడివేసి చేసిన చాప. దూరం నుంచి చూస్తే ఏపుగా పెరిగిన గడ్డి దుబ్బులా ఉంటుంది. పీలికల మధ్య పొడి ఆహారపు గుళికలను చల్లి, చేత్తో నాలుగుసార్లు కలియబెడితే అవి లోపలికి జారి కంటికి కనిపించకుండా పోతాయి. కుక్క వాటిని ముక్కుతో వెతికి, మూతితో పీలికలను పక్కకు తోసి, ఒక్కొక్కటిగా ఏరుకుని తింటుంది. గిన్నెలో పెడితే నిమిషం లోపే ఖాళీ చేసే భోజనానికి బంటి ఈ చాప మీద మొదటి రోజు ఇరవై నిమిషాలకు పైగా కష్టపడ్డాడు.

ఇంత చిన్న పనికి కుక్క అలసిపోతుందా అనే సందేహం నాకూ ఉండేది. కుక్క ముక్కు పనిచేసే తీరు గురించి చదివాక ఆ సందేహం తీరింది. మనిషి ముక్కులో వాసనను పసిగట్టే గ్రాహకాలు 50 నుంచి 60 లక్షల వరకు ఉంటాయని అంచనా, కుక్కల్లో ఆ సంఖ్య 20 కోట్లకు పైమాటే. కుక్క లోనికి పీల్చిన గాలి ముక్కులో రెండు పాయలుగా చీలుతుంది. ఒక పాయ ఊపిరితిత్తులకు వెళ్తే, రెండోది వాసన గ్రహించే వెనక భాగానికి చేరుతుంది. వదిలే గాలి నాసికా రంధ్రాల పక్కనున్న చీలికల గుండా బయటికి పోతుంది కాబట్టి ఎదురుగా ఉన్న వాసన చెదిరిపోదు. దేనినైనా గట్టిగా వెతుకుతున్నప్పుడు కుక్క సెకనుకు దాదాపు ఐదుసార్లు గాలి పీలుస్తుంది. చాప మీద తల వంచిన బంటిని దగ్గర కూర్చుని వింటే ఆ చిన్న చిన్న ఊపిర్ల చప్పుడు ఆగకుండా వినిపిస్తూనే ఉంటుంది. పని పూర్తయ్యాక వాడు నీళ్లు తాగి, ఒళ్లంతా ఒకసారి విదిలించుకుని, గంటకు పైగా పడుకుంటాడు. ఇల్లంతా బంతి వెనక పరుగెత్తించిన రోజుల్లో ఇంత ప్రశాంతమైన నిద్ర నాకు కనిపించలేదు. పైగా నున్నటి గచ్చు మీద ఆ పరుగు వల్ల కాళ్లు జారి కీళ్లకు దెబ్బ తగులుతుందనే భయం ఉండేది.

నేను ఈ చాపను మెచ్చుకునేది బంటి కంటే ఎక్కువగా మల్లి కోసమే. దానికి చూపు మందగించింది, మెట్లెక్కడం మానేసింది, బంతి విసిరితే తల మాత్రం తిప్పి చూస్తుంది. ముక్కు మాత్రం ఇంకా పదునుగానే ఉంది. చాపను దాని పరుపు పక్కనే వేస్తే బోర్లా పడుకునే, ముందు కాళ్ల మధ్య చాపను పెట్టుకుని నెమ్మదిగా వెతుకుతుంది. చలికాలం మొదట్లో రోజులో ఎక్కువ భాగం ముడుచుకుని పడుకున్న కుక్క, ఇప్పుడు చాప మడత విప్పే చప్పుడు వినగానే తోక ఊపుతూ లేచి నిలబడుతోంది. వయసు మీద పడిన కుక్కను చూసుకునేవారికి ఆ లేవడం ఎంత విలువైనదో వేరే చెప్పనక్కర్లేదు.

లోపాలు కూడా ఉన్నాయి, వాటిలో ఒకటి తీవ్రమైనది. మూడో నెలలో అంచుల దగ్గర కొన్ని ముడులు వదులై పీలికలు ఊడి వచ్చాయి. బంటి ఒక పీలికను నోట కరచుకుని పారిపోతుంటే చూసి లాక్కున్నాను. గుడ్డ ముక్క మింగితే అది పేగులో అడ్డుపడి శస్త్రచికిత్స దాకా తీసుకెళ్లవచ్చు. అందుకే దీనిని కుక్కకు ఇచ్చి ఇంకో గదికి వెళ్లిపోకూడదు, ఆహారం అయిపోయిన వెంటనే చాపను తీసి అందని చోట పెట్టాలి. కొనేముందు పీలికలను గట్టిగా లాగి చూడడం, అడుగు భాగం నేల మీద జారకుండా పట్టుకుంటుందో లేదో పరీక్షించడం తప్పనిసరి. ఉతకడం కష్టం కాదు, ఆరబెట్టడమే కష్టం. ముడుల దగ్గర తడి నిలిచిపోతుంది, ఎండ సరిగా లేని రోజుల్లో పూర్తిగా ఆరడానికి రెండు రోజులు పట్టింది, ఒకసారి తొందరపడి వాడితే ముక్కిన వాసన వచ్చింది. అందుకని జిడ్డుగా, తడిగా ఉండే ఆహారాన్ని దీని మీద వేయడం మానుకున్నాను.

ఇంకో హెచ్చరిక తిండి గురించి. చాప సరదా కదా అని చిరుతిళ్లు అదనంగా చల్లుతూ పోతే, కదలిక తగ్గిన కాలంలో కుక్క బరువు పెరగడం ఖాయం. నేను రోజువారీ ఆహారాన్నే కొలిచి, అందులో మూడో వంతు చాపకు కేటాయిస్తున్నాను.

తడి ఆహారానికి లోపల బోలుగా ఉండే రబ్బరు బొమ్మలే మేలు. వాటిలో కాంగ్ పాతకాపు. 1970లలో జో మార్కమ్ అనే ఆయన రాళ్లు కొరికే తన జర్మన్ షెపర్డ్ కుక్క ఫోక్స్‌వ్యాగన్ వ్యాన్ సస్పెన్షన్‌లోని రబ్బరు భాగాన్ని ఇష్టంగా నమలడం చూసి ఆ ఆకారాన్ని రూపొందించాడు. లోపల ఉడికిన గుమ్మడికాయ గుజ్జు కూరి ఫ్రీజర్‌లో గడ్డకట్టిస్తే మా బంటికి నలభై నిమిషాల పని. పీనట్ బటర్ వాడేవారు డబ్బా మీద జైలిటాల్ అనే తీపి పదార్థం లేదని చూసుకోవాలి, అది కుక్కలకు విషం. మూతలు జరిపి తిండి తీసుకునే పజిల్ బోర్డు కూడా ప్రయత్నించాను గాని, బంటి రెండు రోజుల్లో దాని కిటుకు పట్టేశాడు, ఆ తర్వాత అది గిన్నెతో సమానమైంది. చాపతో ఆ ఇబ్బంది తక్కువ, ఎందుకంటే గుళికలు ప్రతిసారీ కొత్త చోట దాగుతాయి. సులువైపోయిందనిపిస్తే చాపను చుట్టగా చుట్టి ఇస్తాను. కొనే ముందు మీ కుక్కకు ఈ ఆట నచ్చుతుందో లేదో తెలుసుకోవాలంటే, ఒక పాత తువ్వాలులో గుళికలు చల్లి చుట్టి ఇచ్చి చూడండి.

ఈ చాప నడకకు బదులు కాదు. మల మూత్రాలకు, కీళ్ల కదలికకు, బయటి ప్రపంచపు వాసనలకు చిన్న నడకలైనా రోజూ ఉండాల్సిందే. వర్షం, మంచు వల్ల ఆ నడక కుదించుకుపోయిన రోజుల్లో మిగిలే ఖాళీని మాత్రం ఇది నిజాయితీగా పూరిస్తుంది. రెండు కుక్కలున్న ఇంటికి ఒక్క చాప చాలదు. మొదటి వారంలో తిండి దగ్గర బంటి మల్లి మీద గుర్రుమన్నాడు, అప్పటి నుంచి ఒకరి తర్వాత ఒకరికి, తలుపు మూసిన వేర్వేరు గదుల్లో ఇస్తున్నాను. మల్లి నెమ్మదిగా తింటుంది కాబట్టి తలుపు అవతల బంటి ఎదురుచూపు రోజూ అరగంట దాటుతోంది. అందుకే వచ్చే వారం రెండో చాప కొంటున్నాను, ఈసారి ముడులు మరింత బిగువుగా ఉన్నదాన్ని చూసి.