టర్బో బండిలో గాలి-పెట్రోల్ మిక్చర్ తేడా: ప్లగ్గు, స్కానర్, వైడ్‌బ్యాండ్... ఏది నమ్మాలి?

బూస్ట్ (టర్బో ఇంజన్‌లోకి నెట్టే గాలి ఒత్తిడి) ఎక్కగానే బండి ముక్కుతోంది, వెనక నల్ల పొగ వస్తోంది అంటూ ఒకాయన తన టర్బో పెట్రోల్ కారు తెచ్చారు. అంతకుముందు వేరే చోట ల్యాప్‌టాప్ పెట్టి, ఎంత పెట్రోల్ కొట్టాలో చెప్పే మ్యాప్‌లో పెట్రోల్ 12 శాతం తగ్గించారట. పొగ కాస్త తగ్గింది గానీ పికప్ రాలేదు. పైపుల్లోకి పొగ ఊదే స్మోక్ మెషిన్ తగిలించి చూస్తే, టర్బో గాలిని చల్లబరిచే ఇంటర్‌కూలర్ హోస్ కింది వైపు, క్లాంప్ పక్కనే, వెంట్రుకంత చీలిక. చేత్తో హోస్‌ని వంచితేనే నోరు తెరుచుకుని పొగ కక్కుతోంది. మామూలుగా చూస్తే ఏమీ కనబడదు.

అది మాఫ్ సెన్సర్ ఉన్న బండి. సెన్సర్ కొలిచిన గాలి ఇంజన్‌కి చేరకముందే చీలికలోంచి పోతోంది. ఇంజన్‌ని నడిపే కంప్యూటర్, ఈసీయూ, మాత్రం కొలిచిన గాలికంతా పెట్రోల్ కొడుతోంది. అందుకే రిచ్, అంటే గాలికి మించి పెట్రోల్. హోస్ మార్చి, తగ్గించిన మ్యాప్‌ని అలాగే వదిలేస్తే? ల్యాంబ్డా అంటే గాలి, పెట్రోల్ పాళ్లు సరిగ్గా కుదిరితే 1, పెట్రోల్ ఎక్కువైతే అంతకన్నా తక్కువ వచ్చే అంకె. అది 0.80 ఉండాల్సిన చోట 0.91 అవుతుంది. ఫుల్ బూస్ట్‌లో అది పిస్టన్‌ని తినేసే అంకె.

ఇలాంటిది పట్టుకోవడానికి మన దగ్గరున్న దారుల్లో అన్నిటికన్నా పాతది ప్లగ్గు రంగు. లేత గోధుమ రంగుంటే బాగున్నట్టు, మసి పడితే రిచ్, పాలిపోయి తెల్లబడితే లీన్, అంటే పెట్రోల్ తక్కువ. కార్బురేటర్ల కాలం నుంచి మేస్త్రీల చేతిలో ఉన్న విద్య ఇది. చిక్కేమిటంటే, ట్రాఫిక్‌లో నడిపి తెచ్చిన బండి ప్లగ్గు ఆ ట్రాఫిక్ కథే చెబుతుంది. ఫుల్ లోడ్ సంగతి తెలియాలంటే అదే లోడ్‌లో ఇంజన్ ఆపేసి అప్పుడు ప్లగ్గు తీయాలి. అది డైనో మీద, అంటే బండిని నిలబెట్టి చక్రాలకి లోడ్ ఇచ్చే రోలర్ల మీద చేసే పని. రోడ్డు మీద వద్దు, దయచేసి.

ఈసీయూ లెక్కల్ని చదివి చూపే స్కానర్ చవక. చవక అని చిన్నచూపు చూడొద్దు. లీకుందని పసిగట్టడంలో నాకు దీన్ని మించింది లేదు. ఫ్యూయల్ ట్రిమ్ (ఈసీయూ పెట్రోల్‌కి తనంతట చేసుకునే సవరణ) ప్లస్‌లో ఉంటే ఈసీయూ పెట్రోల్ కలుపుకుంటోందని అర్థం. ఐడిలింగ్‌లో ప్లస్ బాగా ఎక్కువుండి, ఆర్‌పీఎం పెంచగానే సున్నా దగ్గరికి వస్తే ఎక్కడో కొలతకి రాని దొంగగాలి లాగుతోంది. లోడ్ పెరిగేకొద్దీ ప్లస్ కూడా పెరుగుతూ పోతే పంపు, ఫిల్టరు, ఇంజెక్టర్లు, మాఫ్ వైపు చూడాలి. థ్రాటిల్ తర్వాత లీకుంటే మాఫ్ బండిలో ఇంకో విచిత్రం: ఐడిలింగ్‌లో బయటి గాలి లోపలికొచ్చి లీన్, బూస్ట్‌లో లోపలి గాలి బయటికెళ్లి రిచ్. కంత ఒక్కటే, రోగాలు రెండు. 20 శాతం ఇథనాల్ పెట్రోల్ పోస్తే, ఉత్త పెట్రోల్ లెక్కన చేసిన బండిలో ట్రిమ్ కొన్ని శాతాలు ప్లస్‌లోకి పోవడం సహజం, కంగారు పడక్కర్లేదు.

స్కానర్ బలం అక్కడితో ఆగిపోతుంది. ఎగ్జాస్ట్‌లో ఆక్సిజన్ చూసే పాత తరహా నారోబ్యాండ్ సెన్సర్‌కి తెలిసింది 0.45 వోల్టుకి ఇటా (లీన్) అటా (రిచ్) అన్నదే. బూస్ట్‌లో అది 0.9 వోల్టు చూపిస్తే రిచ్ అని తెలుస్తుంది. ఎంత రిచ్? చెప్పలేదు. 0.78కీ 0.88కీ తేడా తెలియకుండా టర్బో బండిని ట్యూన్ చేయడం కళ్లకు గంతలు కట్టుకుని నడపడమే. అందుకే ట్యూనింగ్‌కి, ల్యాంబ్డా ఎంతో అంకెల్లో చూపే వైడ్‌బ్యాండ్ సెన్సర్ తప్పనిసరి. ఒక్కటే కొనగలిగితే అదే కొనండి. టర్బో తర్వాతి పైపులో, నీరు నిలవకుండా కాస్త పైకి వాలుగా బిగించండి. ముందున్న గ్యాస్కెట్ లీకైనా, ప్లగ్గు మిస్సైనా మిగిలిన ఆక్సిజన్‌ని చూసి అది లీన్ అంటుంది. ఆ మాట విని పెట్రోల్ పెంచితే మిస్సింగ్ ఇంకా పెరుగుతుంది. అంకెని ల్యాంబ్డాలోనే చదవండి. గాలి-పెట్రోల్ నిష్పత్తిలో చదివితే మీటరు ఉత్త పెట్రోల్‌కి సరిపోయే 14.7 లెక్కలో చూపిస్తుంది, 20 శాతం ఇథనాల్ కలిసిన పెట్రోల్‌కి సరైన నిష్పత్తి సుమారు 13.5.

ఎగ్జాస్ట్ వేడి మీటరు టర్బోని కాపాడుకోవడానికి మంచిదే. మిక్చర్ తేల్చడానికి కాదు, ఇగ్నిషన్ టైమింగ్ వెనక్కి జరిపినా వేడి పెరుగుతుంది.

ఇంత చెప్పినా, వైడ్‌బ్యాండ్ చూపేది నాలుగు సిలిండర్ల సగటు. మూడు 0.80లో ఉండి, ఇంజెక్టర్ మూసుకుపోయిన నాలుగోది 0.96లో ఉంటే మీటరు 0.83, 0.84 అంటుంది. చూడ్డానికి ముచ్చటైన అంకె. ఒక బండిలో సరిగ్గా అలాంటి అంకె వచ్చాకే ప్లగ్గులు విప్పాను. మూడు గోధుమ రంగు. ఒకదాని పింగాణీ మాత్రం తెల్లబారి, దాని మీద మిరియాల పొడి చల్లినట్టు సన్నని చుక్కలు, లెన్స్‌లో చూస్తే మధ్యమధ్య అల్యూమినియం మెరుపు. అప్పటికే నాకింగ్ (మిక్చర్ దానంతటదే పేలడం) పిస్టన్‌ని గీరుతోంది. ఇప్పుడు డైనో మీద అంకెలన్నీ కుదిరాక కూడా నాలుగు ప్లగ్గులూ తీసి, సిలిండర్ల వరసలో గుడ్డ మీద పెట్టి చూశాకే తాళం చేతికిస్తాను.