సీఎంఎంఐ లెవెల్ 5: లోపల ఉండి వాడినవాడి సమీక్ష

మాదాపూర్‌లోనో గచ్చిబౌలిలోనో ఏ పాత సర్వీసెస్ కంపెనీకి వెళ్లినా రిసెప్షన్ గోడ మీద ఒక ఫ్రేమ్ కనిపిస్తుంది: సీఎంఎంఐ లెవెల్ 5, లేదంటే లెవెల్ 3. సాఫ్ట్‌వేర్ సంస్థ పని పద్ధతులు ఎంత పక్వానికి వచ్చాయో ఒకటి నుంచి ఐదు దాకా లెవెల్స్‌లో చెప్పే మోడల్ ఇది. ఆ ఫ్రేమ్ వెనక జరిగేది ఏళ్ల తరబడి చూసినవాణ్ని. మొదట టెంప్లేట్లు నింపే డెవలపర్‌గా, తర్వాత ఆ టెంప్లేట్లు తయారుచేసే ప్రాసెస్ గ్రూపులో, ఇప్పుడు మళ్లీ ప్రాజెక్టు వైపు. వెర్షన్ 1.1తో మొదలుపెట్టి 2.0 దాకా దీంతోనే పనిచేశాను. ఈ మధ్య చిన్న కంపెనీలు నడిపే మిత్రులు "మేం కూడా తీసుకుందామా?" అని అడుగుతున్నారు. ఈ సమీక్ష ముఖ్యంగా వాళ్ల కోసం.

నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. లెవెల్ 2లో ఉన్న బోరు కొట్టే పనులు బంగారం. లెవెల్ 5లో ఒక్క పని నిజంగా పనికొస్తుంది. అబద్ధాలు ఎక్కువగా పుట్టేది ఈ రెండింటి మధ్యలో ఉన్న లెవెల్ 4 దగ్గర.

అసలు ఇది సాఫ్ట్‌వేర్ రాసేవాడి కోరిక మీద పుట్టింది కాదు. అమెరికా రక్షణ శాఖ కొనే సాఫ్ట్‌వేర్ ఆలస్యంగా రావడం, ఖర్చు పెరగడం మామూలైపోయి, ఏ కాంట్రాక్టర్‌ని నమ్మాలో తేల్చుకోవడానికి ఒక కొలబద్ద కావాల్సి వచ్చింది. ఆ శాఖ డబ్బుతోనే 1984లో పిట్స్‌బర్గ్‌లోని కార్నెగీ మెలన్ యూనివర్సిటీలో సాఫ్ట్‌వేర్ ఇంజనీరింగ్ ఇన్‌స్టిట్యూట్ పెట్టారు. ఐబీఎంలో చాలాకాలం పనిచేసిన వాట్స్ హంఫ్రీ 1986లో అక్కడికొచ్చి ఈ మెచ్యూరిటీ లెవెల్స్ ఆలోచనకు రూపం ఇచ్చాడు. 1991లో దీని తొలి రూపమైన సీఎంఎం వచ్చింది. విడివిడిగా ఉన్న మోడల్స్‌ని కలిపి 2000లో సీఎంఎంఐ చేశారు. 2016 నుంచి ఇది ఐటీ ఆడిట్ రంగంలోని ఐసాకా అనే సంస్థ చేతిలో ఉంది. ఇదంతా ఎందుకు చెబుతున్నానంటే, పుట్టుకలోనే ఇది కొనేవాడు అమ్మేవాడికి పెట్టే పరీక్ష. పరీక్ష అన్నాక గైడ్లూ, కోచింగులూ, కాపీలూ రాకుండా ఉంటాయా?

మన దేశంలో ఇది అంతగా పాకడానికి కారణం కూడా అదే. బెంగళూరులోని మోటరోలా యూనిట్ 1990ల ప్రథమార్ధంలోనే లెవెల్ 5 తెచ్చుకుంది. తర్వాత వైటూకే (2000 సంవత్సరం రాగానే పాత ప్రోగ్రాముల్లో తేదీలు తప్పే సమస్య) పనులు వెల్లువెత్తాయి. ఎక్కడో సముద్రాల అవతల ఉన్న క్లయింట్ మన ముఖం చూడలేదు, మన ఆఫీసు చూడలేదు. అతనికి చూపించడానికి మన దగ్గర ఒక గుర్తు కావాలి. ఆ గుర్తు ఈ అంకె అయింది.

ఇక వాడకం సంగతి. లెవెల్ 2 అంటే ప్రాజెక్టుకు కనీస క్రమశిక్షణ. ఏం కట్టాలో రాసుకోవాలి, ప్లాన్ వేసుకోవాలి, పని ప్లాన్ ప్రకారం నడుస్తోందో లేదో చూసుకోవాలి, ఏ ఫైలు ఏ వెర్షన్‌లో ఉందో తెలిసి ఉండాలి. ఇందులో ఏముంది అనిపిస్తుంది. కోడ్ వెర్షన్లు దాచే గిట్ టూల్ పుణ్యమా అని ఇప్పటి కుర్రాళ్లకు ఇది పుట్టుకతో వచ్చిన విద్య. నేను చేరిన కొత్తలో మా ప్రాజెక్టు బిల్డ్ (కోడ్‌ని నడిచే ప్రోగ్రాముగా మార్చడం) ఒక సీనియర్ మెషీన్ మీద మాత్రమే అయ్యేది. ఆయన సంక్రాంతికి ఊరెళ్తే రిలీజ్ ఆగిపోవాల్సిందే. అప్పట్లో కోడ్ వెర్షన్లు దాచే విజువల్ సోర్స్‌సేఫ్ ఉండేది గానీ, అందులో ఉన్న కోడ్‌కీ ప్రొడక్షన్‌లో నడుస్తున్న కోడ్‌కీ పొంతన ఉండేది కాదు. మొదటిసారి కాన్ఫిగరేషన్ ఆడిట్ (దాచిన కోడ్, నడుస్తున్న కోడ్ ఒకటేనా అని సరిచూడటం) పెట్టినప్పుడు బయటపడిందేమిటంటే, స్టోర్డ్ ప్రొసీజర్లు (డేటాబేస్ లోపలే ఉండే కోడ్) కొన్నింటిని ఎవరో నేరుగా ప్రొడక్షన్ డేటాబేస్‌లోనే మార్చేశారు. ఎందుకు మార్చారో చెప్పగలిగినవాళ్లు కంపెనీ మానేసి చాలాకాలమైంది. ఆడిట్ పెట్టకపోయి ఉంటే తర్వాతి రిలీజ్‌లో ఆ మార్పులన్నీ తుడిచిపెట్టుకుపోయేవి, క్లయింట్ మా పీక మీద కూర్చునేవాడు.

ఛేంజ్ రిక్వెస్ట్ ఫారం కూడా అలాంటిదే. రాత్రి కాల్‌లో క్లయింట్ "చిన్న మార్పే కదా" అంటాడు, మనవాడు సరే అంటాడు. ఆ మార్పు ఏ మాడ్యూళ్లను తాకుతుంది, ఎన్ని గంటలు పడుతుంది అని ఒక పేజీ రాసి పంపమన్నాక అలాంటి చిన్న మార్పులు చాలావరకు వాటంతట అవే ఆగిపోయాయి. నిజంగా కావాల్సినవాటికి డబ్బులొచ్చాయి.

లెవెల్ 3 గురించి ఎక్కువ చెప్పను. సంస్థ మొత్తానికి ఒకే పద్ధతి, ప్రాజెక్టుని బట్టి దాన్ని కుదించుకునే వెసులుబాటు, అంతే. ఆ కుదించుకోవడాన్నే టైలరింగ్ అంటారు, కానీ చాలా కంపెనీల్లో టైలరింగ్‌కి అనుమతి తెచ్చుకోవడం కంటే మొత్తం డాక్యుమెంట్లు రాయడమే తేలిక. ఈ లెవెల్లో నాకు నచ్చింది పీర్ రివ్యూ, అంటే ఒకరి పనిని తోటివాళ్లు చదివి తప్పులు పట్టడం. ఐబీఎంలో మైకేల్ ఫాగన్ 1976లోనే రాసిపెట్టిన పద్ధతి ఇది. మా రివ్యూ రికార్డులో మూడు అంకెలు తప్పనిసరి: ఎన్ని లైన్లు చూశారు, ఎంతసేపు చూశారు, ఎన్ని డిఫెక్టులు దొరికాయి. ఒకసారి ఒక రికార్డు వచ్చింది: రెండు వేల లైన్లు, ఇరవై నిమిషాలు, సున్నా డిఫెక్టులు. ఆ మూడూ పక్కపక్కన చదివాక ఎవర్నీ ఏమీ అనాల్సిన పని లేకుండా పోయింది. వాళ్లే వెళ్లి మళ్లీ రివ్యూ చేసుకున్నారు. ఇప్పుడు పుల్ రిక్వెస్ట్ (కోడ్ మార్పుని చూసి ఒప్పుకోమనే అభ్యర్థన) తెరిచీ తెరవకముందే "లుక్స్ గుడ్" అని అప్రూవ్ కొట్టేవాళ్లను చూస్తుంటే ఆ మూడు గడులూ మళ్లీ తెస్తే బాగుండనిపిస్తుంది.

లెవెల్ 5లో పనికొచ్చే పని అన్నాను కదా, అది డిఫెక్టుల మూలకారణం వెతకడం. ఆఫీసులో అందరూ ఆర్‌సీఏ (రూట్ కాజ్ అనాలిసిస్) అంటారు. దీన్ని కాస్త వివరంగా చెప్పాలి, ఎందుకంటే మొత్తం మోడల్‌లో నా చేత "ఔను, ఇది పనిచేసింది" అనిపించింది ఇదే.

అప్పట్లో అమెరికా ఇన్సూరెన్స్ క్లయింట్ ఒకరికి క్లెయిమ్స్ మాడ్యూల్ చేసేవాళ్లం. క్లెయిమ్ గడువు తేదీలు లెక్కకట్టే చోట ఒకే రకం డిఫెక్టులు రిలీజు రిలీజుకీ వచ్చేవి. డిఫెక్ట్ టూల్‌లో కారణం ఎంచుకోవడానికి ఒక డ్రాప్‌డౌన్ ఉండేది, అందరూ ఎంచుకునేది ఒకటే: ఓవర్‌సైట్, అంటే చూసుకోలేదు అని. దాని పక్కన నివారణ చర్య గడిలో "డెవలపర్‌కి జాగ్రత్తగా ఉండమని చెప్పాం" అని కాపీ పేస్ట్. మా క్వాలిటీ మేనేజర్ ఆ ఓవర్‌సైట్ అనే ఆప్షన్‌నే టూల్‌లోంచి తీయించేసింది. టీమ్‌కి కాళ్లూ చేతులూ ఆడలేదు. లీడ్లు ఫోన్ల మీద ఫోన్లు చేశారు. ఆవిడ వినలేదు. పాత డిఫెక్టులన్నీ ప్రింట్ తీయించి, టీమ్‌ని ఒక చిన్న మీటింగ్ రూమ్‌లో కూర్చోబెట్టి, ఒక్కొక్క కాగితం మీదా "ఇది నీకు మొదట ఎలా తెలిసింది?" అని అడగడం మొదలుపెట్టింది. ఎవరు చేశారు అన్న మాటే ఎత్తలేదు.

కాసేపటికి ఒక జూనియర్ నోరు విప్పాడు. "మేడమ్, గడువు ముప్పై రోజులు కాదు, నలభై ఐదు అని రాత్రి కాల్‌లో చెప్పారు. నేను ఆ రాత్రే కోడ్ మార్చేశాను. స్పెక్ డాక్యుమెంట్‌లో పాతదే ఉంది. టెస్టర్ స్పెక్ చూసి నాది తప్పన్నాడు, నేను మళ్లీ ముప్పైకి మార్చాను." అతని వెనకే ఇంకో ఇద్దరు ముగ్గురు తమ కాగితాలు ముందుకు జరిపారు. రాష్ట్రాన్ని బట్టి మారే నిబంధనలన్నీ కాల్స్‌లో వస్తున్నాయి, ఆ కాల్స్‌లో టెస్టర్లు ఎవరూ ఉండటం లేదు. జాగ్రత్తగా ఉండమని ఎంతమందికి ఎన్నిసార్లు చెప్పినా ఇది తీరే జబ్బు కాదు.

చేసిన మార్పు రెండు ముక్కల్లో చెప్పొచ్చు. కాల్‌లో విన్నది స్పెక్‌లోకి ఎక్కేదాకా కోడ్ ముట్టకూడదు. ఆ కాల్‌లో టెస్టర్ కూడా ఉండాలి. కొత్త టూల్ కొనలేదు, ట్రైనింగ్ పెట్టలేదు. తర్వాతి రిలీజుల్లో తేదీల డిఫెక్టులు దాదాపు మాయమయ్యాయి. టెస్టర్ల ఇంటి క్యాబ్ మాత్రం రాత్రి పదకొండుకి మారింది, ఆ గొడవ వేరే.

ఇప్పుడు లెవెల్ 4. ఇక్కడ అంకెలతో ప్రాజెక్టుని నడపాలి: కంట్రోల్ చార్టులు (అంకె మామూలు హద్దు దాటిందేమో గీతల మధ్య చుక్కలతో చూపేవి), బేస్‌లైన్లు (పాత ప్రాజెక్టుల్లో ఆ అంకెలు మామూలుగా ఎంత ఉన్నాయో), అంచనా మోడల్స్. కంట్రోల్ చార్టుని 1920ల్లో గణాంక నిపుణుడు వాల్టర్ షూహార్ట్ తయారుచేసింది టెలిఫోన్ సామాన్లు చేసే ఫ్యాక్టరీల కోసం. అక్కడ ఒకే వస్తువు వేలకొద్దీ వస్తుంది. మన దగ్గర ఏ రెండు మాడ్యూళ్లూ ఒకలా ఉండవు. పైగా చార్టుకి వెళ్లే అంకె ఎక్కణ్నుంచి వస్తుంది? టైమ్‌షీట్ నుంచి. టైమ్‌షీట్ ఎప్పుడు నింపుతారు? శుక్రవారం సాయంత్రం, మేనేజర్ రిమైండర్ మెయిల్ వచ్చాక, వారం మొత్తానికి ఒకేసారి, రోజుకి ఎనిమిది గంటల చొప్పున. అర్ధరాత్రి దాకా కూర్చున్న రోజూ ఎనిమిదే, బిల్డ్ విరిగి గోళ్లు గిల్లుకున్న రోజూ ఎనిమిదే. అలాంటి డేటాతో గీసిన చార్టు చూడటానికి ముచ్చటగా ఉంటుంది. ఒక్క చుక్క కూడా గీత దాటదు.

దీనికంటే పెద్ద తంటా, ఆ కొలతల్ని మనుషుల రేటింగుకి ముడిపెట్టడం. డిఫెక్టుల సంఖ్యని హైక్‌తో కలిపిన ఏడాది మా టెస్టర్లు బగ్‌ని టూల్‌లో వేయడం మానేసి, చాట్‌లో "బ్రో, ఇది ఒకసారి చూడు" అని పంపడం మొదలుపెట్టారు. స్నేహితుడి జీతం పోగొట్టడం ఎవరికి ఇష్టం? చార్టుల్లో క్వాలిటీ బ్రహ్మాండంగా పెరిగింది. ప్రొడక్షన్ టికెట్లు తగ్గలేదు. ఆర్‌సీఏకి కావాల్సిన ముడిసరుకు కూడా దాంతోనే పోయింది, ఎందుకంటే రికార్డులో లేని డిఫెక్టుకి కారణం వెతకలేం కదా.

అప్రైజల్ (కంపెనీకి ఏ లెవెల్ ఇవ్వాలో తేల్చే తనిఖీ) సీజన్ గురించి చెప్పకపోతే ఈ సమీక్ష పూర్తికాదు. వెర్షన్ 1.3 నడిచిన రోజుల్లో ప్రతి ప్రాక్టీసుకీ (మోడల్ చేయమనే ఒక్కో పనికీ) ఎదురుగా ఆధారాలు చూపించే పెద్ద షీట్ ఉండేది. మోడల్‌లో 22 ప్రాసెస్ ఏరియాలు (పనుల విభాగాలు), ఒక్కోదాంట్లో బోలెడు ప్రాక్టీసులు. అప్రైజల్‌కి కొన్ని నెలల ముందు నుంచీ ప్రాజెక్టు పని పక్కకు జరిగి ఈ షీట్ నింపడమే అసలు పనైపోయేది. ఎప్పుడో జరిగిన మీటింగులకు అప్పుడు కూర్చుని మినిట్స్ రాసేవాళ్లు. ఒక మినిట్స్‌లో హాజరైనవాళ్ల జాబితా చూస్తే, ఆ వారమంతా తన పెళ్లి కోసం సెలవులో ఉన్న కుర్రాడి పేరు ఉంది! పెళ్లి పీటల మీంచి రిస్క్ రివ్యూకి వచ్చాడన్నమాట. ఇంటర్వ్యూలకు రిహార్సల్స్, ఏ ప్రశ్నకి ఏ జవాబు చెప్పాలో చీటీలు, అదంతా మామూలే.

న్యాయంగా చెప్పాలంటే మోడల్ ఇలా చేయమని ఎక్కడా అనదు. 1.3లో తప్పనిసరి అన్నవి గోల్స్ మాత్రమే. ప్రాక్టీసుల బదులు అదే ఫలితం ఇచ్చే వేరే దారి ఉంటే చూపించుకోవచ్చు. మిగతాదంతా వివరణ. ఆ వివరణలో ఉన్న ఉదాహరణల్ని టెంప్లేట్లుగా మార్చి మన నెత్తిన రుద్దింది కన్సల్టెంట్లు, వాళ్ల మాట కాదనలేని మేనేజ్‌మెంట్లు.

2018లో వచ్చిన 2.0లో ఈ పరిస్థితి కొంత మెరుగైంది. ఏ ప్రాజెక్టుల్ని చూడాలో ఇప్పుడు ర్యాండమ్‌గా ఎంపికవుతుంది. కాబట్టి రెండు మూడు షోకేస్ ప్రాజెక్టుల్ని ముస్తాబు చేసి నిలబెట్టే ఆట సాగదు. చిన్న చిన్న దఫాలుగా పనిచేసే స్క్రమ్ పద్ధతిలో నడిచే టీములకు కూడా ఇబ్బంది తగ్గింది. పనులు నమోదుచేసే జిరా టూల్‌లో టికెట్ చరిత్ర, పుల్ రిక్వెస్ట్ కామెంట్లు, బిల్డ్ పైప్‌లైన్ లాగ్ మామూలు పనిలో భాగంగా వచ్చినవే గనక ఆధారం కోసం విడిగా ఏదీ వండక్కర్లేదు. నచ్చనిది ఒకటుంది: 1.3 మొత్తం పుస్తకాన్ని ఎవరైనా ఉచితంగా డౌన్‌లోడ్ చేసుకుని చదువుకునేవాళ్లు. 2.0 నుంచి మోడల్ చదవాలన్నా డబ్బు కట్టాలి. 2023లో వచ్చిన 3.0లోనూ అదే తీరు. కాలేజీ నుంచి కొత్తగా వచ్చిన పిల్లలు అసలు మోడల్ ముఖం చూడకుండానే దాని టెంప్లేట్లు నింపుతున్నారు.

ఇక అసలు ప్రశ్న, తీసుకోవాలా వద్దా. ప్రభుత్వ టెండర్లు మీ వ్యాపారమైతే వాదన అనవసరం. లెవెల్ 3, లెవెల్ 5 అడిగే టెండర్లు చాలా ఉన్నాయి, లేకపోతే గుమ్మం దగ్గరే ఆపేస్తారు. అప్పుడు కూడా లెవెల్ 3తో మొదలుపెట్టండి, ఒక ఏడాదైనా ఆ పద్ధతుల్లో నిజంగా పనిచేసి అప్పుడు అప్రైజల్‌కి వెళ్లండి. మూడు నెలల్లో లెవెల్ 5 ఇప్పిస్తానన్న కన్సల్టెంట్‌కి కాఫీ ఇచ్చి పంపేయండి. సొంత ప్రొడక్ట్ చేసుకునే చిన్న కంపెనీకైతే అప్రైజల్ ఖర్చు దండగ అంటాను. ఫీజుల కంటే ఎక్కువ పోయేది మనుషుల సమయం, అది ఏ బిల్లులోనూ కనబడదు. పాత 1.3 పుస్తకం తీసి లెవెల్ 2 అధ్యాయాలు, పీర్ రివ్యూ, ఆర్‌సీఏ చదివి ఆచరణలో పెట్టుకుంటే చాలు.

మీరు కొనేవైపు ఉంటే ఇంకో సంగతి. ఈ లెవెల్ కంపెనీ మొత్తానికి రాదు, అప్రైజల్‌లో పేర్కొన్న యూనిట్‌కే వస్తుంది, గడువు కూడా మూడేళ్లే. ప్రచురించడానికి ఒప్పుకున్న కంపెనీల ఫలితాలు సీఎంఎంఐ వాళ్ల సైట్‌లో ఉంటాయి, యూనిట్ పేరు, తేదీ అక్కడ చూసుకోవచ్చు. మీ పని చేయబోయే టీమ్ ఆ యూనిట్‌లో లేదని తేలితే, సేల్స్ మనిషిని పక్కన పెట్టి ఆ టీమ్ లీడ్‌నే అడగండి: చివరి రిలీజులో ప్రొడక్షన్‌లోకి జారిన డిఫెక్టులు ఏవి, వాటిలో వేటికి కారణం వెతికారు, వెతికాక ఏం మార్చారు?